మేతలో దాగిన విషము

ఇంటికి దూలములు, స్తంభములు ఎట్టివో దేహమునకు ఎముకలు అట్టివి. ఎముక గట్టిగా నుండుటకు సున్నపు ధాతువైన కాల్షియమును, భాస్వరమును కావలెను. ఇవి మేతలో చాలనిచో పశువుల ఎముకలు బలహీనమగునని రైతులు ఎరుగుదురు. కాని అవే ధాతువులు దేహములో మితిమీరి చేరినను పశువునకు చేటు కలుగునని పలువురు ఎరుగరు. అట్టి చేటును తెచ్చు మొక్కలు ప్రపంచమున కొన్ని కలవు. వానిలో దక్షిణ అమెరికా ఖండమందలి ఒక పొద మిక్కిలి ప్రసిద్ధమైనది.

అర్జెంటీనా దేశము పశుసంపదకు పేరెన్నిక గన్నది. ఆ దేశమున బ్యూనస్ ఐరీస్ రాష్ట్రములో సలాడో నది పరిసరములందు విశాలమైన పల్లపు భూములు ఉన్నవి. వానలు అధికమైనపుడు అవి నీట మునుగును. నీరు తీసిన పిదప పచ్చిక ఏపుగా పెరుగును. అచట పశువుల మందలు ఆరుబయటనే మేయుచుండును.

మేతకు కొరత లేని అట్టి నేలపై కొన్ని పశువులు నానాటికి చిక్కి శల్యములగుట చూచి కాపరులు కలతపడుచుండిరి. వ్యాధి సోకిన పశువు వెంట్రుకలు నునుపు దప్పి గరుకుబారును. వీపు విల్లువలె వంగును. ముందరి కాళ్లు బిగిసిపోయి అడుగు తీసి అడుగు వేయుటయే కష్టమగును. కొన్ని పశువులు నిలువలేక ముందరి మోకాళ్లపై వంగి గడ్డి కొరుకును. కొంచెము దూరము తోలినంతనే రొప్పును. ఎదుట పచ్చిక ఉన్నను అక్కడికి నడువలేని పశువునకు ఆ పచ్చిక వలన ప్రయోజనమేమి? ఈ వ్యాధిని అచటివారు ‘ఎంటెకే సెకో’ అని పిలిచిరి. ‘సెకో’ యనగా స్పానిష్ భాషలో ‘ఎండినది’ అని అర్థము.

చనిపోయిన పశువులను కోసి పరీక్షించిన వైద్యులకు ఒక వింత గోచరించెను. గుండెనుండి నెత్తురును గొనిపోవు బృహద్ధమని రబ్బరు గొట్టమువలె సాగవలసినది. అది లోపల సున్నము పేరుకొని పెళుసుబారి యుండెను. ఊపిరితిత్తులలోను, గుండెలోను, మూత్రపిండములలోను, కాళ్ల స్నాయువులలోను గూడ సున్నము చేరియుండెను. ఎముకలో ఉండవలసినది మెత్తని అవయవములలోనికి ఎట్లు వచ్చినది? కొందరు సూక్ష్మజీవులు కారణమనిరి. మరికొందరు నేలలోని లవణముల హెచ్చుతగ్గులే కారణమని తలచిరి. తుదకు 1967లో కరిల్లో, వర్కర్ అను పరిశోధకులు ఇది ఒక మొక్కవలన కలుగు విషదోషమని వెల్లడించిరి.

ఆ మొక్కను అచటివారు ‘దురస్నీయో బ్లాంకో’ అందురు. అది మన వంగ జాతికి చెందినదే. నిలువెత్తు పెరుగు పొద. ఊదారంగు పూవులును, నల్లని చిన్నకాయలును కలది. పల్లపు నేలలందు, నీరు నిలుచు తావులందు గుంపులుగా మొలచును. పశువులు దానిని కోరి తినవు. అయినచో విషము వాని కడుపులోనికి ఎట్లు పోవును? వేసవి ముగియునప్పటికి దాని ఆకులు ఎండి పచ్చికపై రాలును. గడ్డితో బాటు ఆ ఆకులును తెలియకయే పశువు నోటికి చేరును. ఆకు ఎండినను అందలి విషము చెడదు.

ఆ ఆకులో నున్న పదార్థమేది? దీనిని గ్రహించుటకు దేహము చేయు ఒక పనిని తెలిసికొనవలెను. ఎండ సోకినపుడు చర్మములో విటమిను ‘డి’ తయారగును. అది మొదట కాలేయములోను, పిదప మూత్రపిండములలోను మార్పు చెంది శక్తిమంతమైన హార్మోనుగా పరిణమించును. మేతలోని కాల్షియమును, భాస్వరమును ప్రేవులనుండి నెత్తురులోనికి చేర్చుట ఈ హార్మోను పని. దేహమునకు ఎంత అవసరమో అంతే తయారు చేయుట మూత్రపిండముల బాధ్యత. అవి కాలువ తూమువద్ద నిలిచిన కావలివాని వంటివి.

1976లో అమెరికా దేశపు కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన వాసర్‌మన్, ఆయన సహచరులు ఆ ఆకులో ఈ హార్మోనే చక్కెరతో గూడి యున్నదని నిరూపించిరి. చూడుడు! మూత్రపిండములు కొలత ప్రకారము చేయవలసిన వస్తువు సిద్ధరూపమున ఆకులోనే లభించుచున్నది. కావలివాని ప్రమేయము లేకయే తూము తెరచుకొనుచున్నది. కాల్షియమును, భాస్వరమును వరదవలె నెత్తురులోనికి వచ్చి, పోవు దారి లేక మెత్తని అవయవములలో పేరుకొనును.

ఎముకలు మాత్రము బాగుండునా? ఉండవు. ఆరోగ్యవంతమైన ఎముక నిత్యము కొంత కరగుచు, కొంత క్రొత్తగా ఏర్పడుచుండును. పాత పెంకులు తీసి క్రొత్తవి వేయు ఇంటివలె అది ఎప్పటికప్పుడు బాగుపడును. నెత్తురులో కాల్షియము హెచ్చినపుడు ఎముకను కరగించు గ్రంథుల పని మందగించును. పాత ఎముక తొలగదు. ఎముక దట్టమై బరువెక్కును గాని, మరమ్మతు లేని ఇంటివలె దాని సహజమైన పొందిక చెడును. పశువు చిక్కిపోవుచుండగా ఎముక మాత్రము దట్టమగుట ఈ వ్యాధిలోని విపరీతము.

ఇట్టి మొక్కలు ఇతర దేశములలోను కలవు. ఐరోపాలో ఆల్ప్స్ పర్వతసీమల పచ్చికబయళ్లలో పసుపు వన్నె కంకులు వేయు ఒక గడ్డి వలన ఆవులకు ఇదే వ్యాధి కలుగును. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రములో గుఱ్ఱములకు, ఆవులకు కలిగిన కుంటితనమునకు ఒక తోటపొద కారణమని 1975లో తెలిసెను. అది మనకు తెలిసిన రాత్రిరాణికి దగ్గరి చుట్టము. పగటివేళ పరిమళించుటచే హిందీలో దానిని ‘దిన్ కా రాజా’ అందురు. మన దేశపు తోటలలోను దానిని పెంచుదురు. కావున దాని కొమ్మలను కత్తిరించి పశువుల ముందు వేయరాదు.

ఒకసారి ధమనులలో పేరుకొన్న సున్నమును పూర్తిగా తొలగించు మందు లేదు. వ్యాధి ముదరకమునుపే మందను ఆ బీడునుండి తప్పించినచో పశువులు కొంత కోలుకొనవచ్చును. పొదను నరికినను భూమిలోని దుంపవేరునుండి మరల చిగురించును. కాబట్టి ఆకు రాలు కాలమున మందను మిట్ట ప్రదేశములకు తోలుటయు, ఆ పొదలున్న తావుల గడ్డిని కోసి నిలువ చేయకుండుటయు మేలైన మార్గములు.

కొలతకు లోబడినచో ఇదే ఆకు మేలును గూడ చేయగలదు. ఈనిన వెంటనే కొన్ని పాడి ఆవులకు నెత్తురులో కాల్షియము తగ్గి పాలజ్వరము వచ్చును. దానిని నివారించుటకై ఈ ఆకుపొడిని తగు మోతాదులో వాడు పద్ధతిని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. బీడులో చంపు ఆకు వైద్యుని చేతిలో మందగుచున్నది. భేదము ఆకులో లేదు, కొలతలో ఉన్నది.

నోరులేని పశువు తన బాధను చెప్పజాలదు. దాని నడకను, మేతను గమనించి కాపరియే తెలిసికొనవలెను. తన మంద మేయు నేలపై ఏ మొక్క మొలచుచున్నదో, ఏ ఆకు ఎప్పుడు రాలుచున్నదో ఎరిగిన కాపరియే మందను కాపాడగలడు.