ఠాణాకు మార్కులు వేసేదెవరు?

నరసరావుపేట: పొలంలో బోరు మోటారు పోయిన రైతు ఠాణాకు ఒంటరిగా వెళ్ళడు. ఊళ్ళో నోరున్న పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళతాడు. పల్నాడు పల్లెల్లో ఇది తాతల నాటి అలవాటు. ఏ వర్గం మనిషిని తీసుకెళితే రేపు ఏ చిక్కు వస్తుందోనన్న బెంగ దానికి అదనం. ఇలాంటి చోట ‘ఉత్తమ ఠాణా’ అన్న మాట వినబడితే జనం నవ్వుకున్నా తప్పు పట్టలేం.

అయితే ఠాణాలకు మార్కులు వేయడం నిజంగానే జరుగుతోంది. కేంద్ర హోంశాఖ దేశంలోని ఠాణాలను పోల్చి చూసి మేటివాటిని ప్రకటిస్తోంది. 2019లో మొదటి పదింటిలో కరీంనగర్ జిల్లా చొప్పదండి ఠాణా ఉంది. మరుసటి ఏడు పదో స్థానం అదే జిల్లాలోని జమ్మికుంటకు దక్కింది. పత్తి బేరాలకు పేరుపడ్డ మార్కెట్ ఊరది. మహానగరాలకే పేరు వస్తుందనుకోనక్కరలేదన్నమాట.

2020లో 16,671 ఠాణాలు లెక్కలోకి వచ్చాయి. ఆస్తి నేరాలు, మహిళలపైనా బలహీనవర్గాలపైనా జరిగే నేరాలు, తప్పిపోయినవారి కేసులు ఎలా పరిష్కరించారో చూసి తొలి వడపోత పట్టారు. చివరి వడపోతలో 19 అంశాలకు నూటికి 80 మార్కులు. భవనం, సిబ్బంది పలకరింపు, పౌరుల అభిప్రాయం, ఈ మూడూ కలిపి మిగిలిన 20లో సర్దుకోవాలి. దేశం మొత్తం మీద అభిప్రాయం అడిగింది 4,056 మందిని. ఠాణా మెట్లెక్కిన మనిషి మాటకు దక్కిన విలువ ఇంతే.

కొన్ని ఠాణాల గోడలకు ఐ.ఎస్.ఓ. సర్టిఫికెట్లూ వేలాడుతుంటాయి. వీటిని జెనీవాలోని ఆ సంస్థ స్వయంగా ఇవ్వదు, రుసుము తీసుకుని తనిఖీ చేసే సంస్థలు ఇస్తాయి. రికార్డులు సరిగా రాస్తున్నారా, పని రాసుకున్న పద్ధతి ప్రకారం సాగుతున్నదా అన్నదే అందులో ముఖ్యం. దొంగ దొరికాడా అన్నది వేరే సంగతి.

అమెరికాలో పోలీసుశాఖలకు గుర్తింపు ఇచ్చేందుకు 1979లో ప్రత్యేక కమిషన్ ఏర్పడింది. నాలుగు పోలీసు సంఘాలు కలిసి పెట్టుకున్నవి కాబట్టి అక్కడా పరీక్ష పెట్టేది తోటి పోలీసులే. కాకపోతే గుర్తింపు శాశ్వతం కాదు. గడువు తీరితే మళ్ళీ పరీక్షే. ఊరివాళ్ళు తమ అభిప్రాయం చెప్పుకునే వీలు కూడా ఉంది.

పల్నాడుకు ఈ సంగతి ఊసుపోక కబురు కాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లా ఏర్పడి ఎస్పీ కార్యాలయం నరసరావుపేటకు వచ్చింది. మాచర్ల వైపు వారికి గుంటూరు దాకా పోయే బాధ తప్పింది. రెండేళ్ళు దాటిన కొద్ది రోజులకే 2024 మే 13 పోలింగ్ నాడూ, ఆ తరవాతా చెలరేగిన గొడవలతో ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీనే సస్పెండ్ చేసింది. అలాంటి రోజున గోడ మీది సర్టిఫికెట్ ఎవరికి అడ్డు నిలుస్తుంది?

పల్లె మనిషి తానే మార్కులు వేయగల పరీక్ష ఒకటుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ‘అది మా పరిధి కాదు, గురజాల వెళ్ళు’ అనడానికి లేదు. నోటితో చెబితే రాసుకుని, చదివి వినిపించి, సంతకం చేయించుకోవాలి. నకలు వెంటనే, ఉచితంగా చేతికివ్వాలి. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో మాత్రం డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ జరపవచ్చు. మోటారు దొంగతనం ఈ కోవలోకే వస్తుంది. కనుక ఆ మాట అంటే అనుమతి ఉందా అని అడగవచ్చు.

తీసుకోకపోతే అదే ఫిర్యాదు కాగితం మీద రాసి పోస్టులో ఎస్పీకి పంపవచ్చు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టుంది. కేసు కట్టాక దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితుడికి తెలపాలి. పెద్దమనిషిని తోడు తెమ్మని ఈ సెక్షన్లలో ఎక్కడా లేదు.