గవిని వెలుపల నదీతీరము

మీ సంఘమునకు ఇంకా మందిరము లేదని దిగులా? అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము తెరవండి.

ఉత్తర గ్రీసులో, ఫిలిప్పీ శిథిలాల ప్రక్కన ఒక చిన్న ఏరు ఉంది. ఆ చోటికి పాత పేరు క్రేనిదెస్, అంటే ఊటలు. దగ్గరలోని బంగారు గనులను ఆశించిన ఫిలిప్పు రాజు క్రీ.పూ. 356లో దానిని పట్టుకొని తన పేరు పెట్టుకున్నాడు. తరువాత అది రోమా కాలనీ అయింది.

అక్కడ పౌలు వెళ్లింది సమాజమందిరానికి కాదు, విశ్రాంతిదినమున గవిని దాటి నదియొద్దకు! కూడివచ్చినది స్త్రీలే. వారిలో ఊదారంగు పొడి అమ్మే లూదియ తుయతైర పట్టణస్థురాలు, అంటే ఆమె కూడా ఆ ఊరికి పరదేశియే. ఆమె, ఆమె ఇంటివారు బాప్తిస్మము పొందారు. సరిగ్గా ఏ రేవులో అన్నది లూకా వ్రాయలేదు, మనము పట్టుబట్టనక్కరలేదు.

నేడు ఆ ఏటి దాపున ఉన్న పల్లె పేరు లూదియ. ఇప్పటికీ యాత్రికులు ఆ నీటిలో దిగి బాప్తిస్మము పొందుతున్నారు.