గర్భిణికి నికోటిన్ గమ్ ఎందుకు?

మన సొసైటీ మందుల ఖాతా చూసిన ఒక దాత మమ్మల్ని నిలదీశారు: "కడుపుతో ఉన్న ఆడబిడ్డకు నికోటిన్ గమ్ కొనిస్తారా? అదీ విషమే కదా!" ప్రశ్న సబబైనదే.

మన ఇళ్ళలో సిగరెట్ తాగే స్త్రీలు అరుదు. జర్దా పాన్, గుట్కా, గుల్‌తో పళ్ళు తోమడం మాత్రం ఉన్నాయి. వేవిళ్ళు తగ్గుతాయని మొదలుపెట్టిన వారినీ చూశాం. ముంబైలో 1217 మంది గర్భిణులపై జరిగి, 2004లో వెలువడిన అధ్యయనంలో ఇలాంటి పొగాకు వాడిన తల్లుల బిడ్డలు సగటున 105 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు. నెలలు నిండకుండా కాన్పయ్యే ముప్పూ పెరిగింది. బీడీ, సిగరెట్ అయితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ బిడ్డకు అందే ఆక్సిజన్‌ను కూడా తగ్గిస్తుంది. భర్త ఇంట్లో వదిలే పొగా అంతే.

గమ్‌లో నికోటిన్ ఉంటుంది గానీ పొగ ఉండదు, పొగాకులోని క్యాన్సర్ కారకాలు ఉండవు. అంతమాత్రాన అది నిరపాయం కాదు. నికోటిన్ మాయను దాటి బిడ్డను చేరుతుంది. కాబట్టి ముందు కౌన్సెలింగ్. దానితో మానలేకపోతేనే, డాక్టర్ చీటీ మీదనే గమ్.

ఇది మంత్రమేమీ కాదు. బ్రిటన్‌లో పొగతాగే 1050 మంది గర్భిణులపై జరిపి, 2012లో ప్రచురించిన పరీక్షలో, నికోటిన్ ప్యాచ్ వాడినవారిలో ప్రసవం దాకా మానినవారు 9.4 శాతం, మందు లేని ఉత్త ప్యాచ్ వాడినవారిలో 7.6 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు. చాలామంది నెల రోజులైనా వాడలేదు. పైగా గర్భంలో శరీరం నికోటిన్‌ను త్వరగా ఖర్చు చేస్తుంది. మోతాదు డాక్టరే చూడాలనేది అందుకే.

వాడకంలోనే తప్పు జరుగుతుంది. పాన్ అలవాటున్నవారు గమ్‌ను అలాగే గబగబా నమిలి రసం మింగుతారు. ఎక్కిళ్ళు, కడుపులో మంట వస్తాయి. నెమ్మదిగా నమిలి, నోరు చురుక్కుమనగానే చెంపకు, చిగురుకు మధ్య ఆపి ఉంచాలి. అంతకుముందు పావుగంట చాయ్ తాగకూడదు.

రోజాలో గమ్ కుదరదు. గర్భిణికి రోజా విషయంలో సడలింపు ఉంది. ఆ సంగతి ఆలిమ్‌ను, డాక్టర్‌ను ఇద్దరినీ అడగమంటున్నాం.

కౌన్సెలింగ్‌కు జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356 ఉచితం. మీ విరాళంలో గమ్‌కు పోయేది కొద్దే. ఇకనుంచి చీటీతో వచ్చే ప్రతి స్త్రీ భర్తనూ వెంట రమ్మంటున్నాం, ఆయన జేబులో బీడీ కట్ట ఉంటే ఆయనకూ కౌన్సెలింగ్ తప్పదు.