చెడిన పరపతిని నిలుపుకొనుట

'పరపతి' అను మాటకు మన భాషలో రెండర్థములు కలవు. నలుగురిలో గల పలుకుబడి ఒకటి. అప్పు పుట్టు శక్తి రెండవది. గోదావరిఖనిలో పూర్వమీ రెండును ఒక్కటిగనే నడచినవి. పనిచేయు గని ఏదియో, నివసించు క్వార్టరు ఏదియో తెలిసిన చాలును, దుకాణదారు ఖాతా వ్రాసికొనెడివాడు. నేడు బ్యాంకు వీని నడుగుటకు ముందు ఒక అంకెను చూచును. 300 మొదలు 900 వరకు గల ఆ అంకెనే జనులు సిబిల్ స్కోరు అనుచున్నారు. నిజమునకు సిబిల్ అనునది 2000లో ఏర్పడిన ఒక సంస్థ పేరు. అట్టివి దేశమున నాలుగున్నవి. 2005 నాటి చట్టము వీని నడకను నియమించుచున్నది.

సింగరేణి కార్మికునకు నెలనెలా జీతము వచ్చును గదా, పరపతి చెడుటేల యని కొందరు మమ్మడిగిరి. ఆ జీతపు నిలుకడయే ఒక కారణమని మాకు తోచుచున్నది. జీతపు చీటీ చూపినంతనే అప్పిచ్చువారు పలువురు. బిడ్డ పెండ్లికొకటి, బండికొకటి, ఇంటికొకటిగా వాయిదాలు పేరుకొనును. అవి తీర్చుటకై గిరిగిరి వ్యాపారి నాశ్రయించి, ఏటీఎం కార్డునే వానికప్పగించుటయు కలదు. జీతము పడగానే వాడు తన వడ్డీ తీసికొనును. బ్యాంకు వాయిదాకు మిగులదు. ఇందలి విపరీతమును గమనింపుడు: క్రమము తప్పక చెల్లించిన గిరిగిరి అప్పు ఏ నివేదికకును ఎక్కదు, తప్పిపోయిన బ్యాంకు వాయిదా మాత్రము ఎక్కును.

జమానతు నిలిచినవాని చిక్కు ఇంతకన్న కష్టము. తోటివానికై సంతకము చేసినవాడు ఒక్క రూపాయి వాడుకొనకపోయినను, ఆ అప్పు మొండిపడిన వాని నివేదికయు చెడును. తన ఇంటి ఋణమునకై పోయిననాడు గాని ఈ సంగతి వానికి తెలియదు. ఇరువురి స్నేహమును దానితోనే పోవును.

బాగుచేసికొనువారు మొదట తమ నివేదిక తెప్పించుకొనవలెను. ప్రతి సంస్థయు ఏటికొకమారు పూర్తి నివేదిక నుచితముగా ఈయవలెనను నియమము 2017 నుండి అమలులోనున్నది. తన నివేదిక తాను చూచుకొనుటచే అంకె తగ్గదు. పేరుల పోలికచే ఇతరుల అప్పు మన లెక్కకెక్కియుండవచ్చును. అట్టి ఫిర్యాదును 30 దినములలో తీర్పకున్న దినమునకు 100 రూపాయల పరిహారమీయవలెనని రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ నుండి విధించినది. అప్పటికిని కాకున్న అంబుడ్స్‌మన్ కలడు. రుసుము పుచ్చుకొని 'స్కోరు పెంచెదము' అనువారు నిజమైన బాకీని తుడిచివేయలేరు.

పిదప పాతబాకీలు. కొంత తగ్గించి రాజీపడిన అప్పు నివేదికలో 'సెటిల్డ్' అని నిలుచును. బ్యాంకులు దానిని మచ్చగనే చూచును. శక్తియున్న పూర్తిగా కట్టుట మేలు. దసరా వేళ వచ్చు లాభాల వాటా, దీపావళి బోనసు ఇందుకు తగిన సొమ్ము. అది చీరెలకును, విందులకును పోవుచుండుట మేమెరుగనిది కాదు.

కొత్త అప్పు లేక కొత్త చరిత్ర లేదు. బ్యాంకులో 20,000 రూపాయలు ఫిక్సెడ్ డిపాజిట్ చేసి, దానిపై క్రెడిట్ కార్డు పొందుట సులభమైన మార్గము. నెలకు నాలుగైదు వేలకు మించక కిరాణాకో, పెట్రోలుకో వాడి, గడువులోపల మొత్తము చెల్లింపవలెను. కనీస మొత్తమే కట్టిన మిగిలినదానిపై పడు వడ్డీ గిరిగిరిని తలపించును. బంగారము తాకట్టు ఋణమును క్రమముగ తీర్చినను లెక్కకు వచ్చును. తీర్పలేనివాడు పుస్తెలను పోగొట్టుకొనును. ఒకే నెలలో నాలుగు చోట్ల దరఖాస్తు పెట్టుట కూడదు. ప్రతి విచారణయు నమోదగును.

2025 జనవరి నుండి అప్పిచ్చినవారు పక్షమునకొకమారైనను వివరములు పంపవలసియున్నది. కనుక నేడు కట్టిన వాయిదా త్వరగనే కానవచ్చును. అయినను సిబిల్ నివేదికలో 36 నెలల చెల్లింపులు కనబడుచుండును గనుక, పాతతప్పు ఒక్క పండుగతో మరుగుపడదు. బాకీ తీరినదను పత్రము నానాడే వ్రాయించుకొని, నెల గడచిన పిమ్మట నివేదికను మరల చూడవలెను.