బెదిరే గుర్రాన్ని మచ్చిక చేయడం ఎలా?

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని సామెత. దీన్ని నమ్ముకుని కొరడా పట్టేవారు ఇప్పటికీ ఉన్నారు. ముదిరిన మొండి గుర్రం సంగతేమో గానీ, ఈగ వాలినా ఉలిక్కిపడే 3 ఏళ్ళ అరబ్బీ గుర్రం విషయంలో ఈ సామెత పనికిరాదని మేము అంటాము. అలాంటి దాన్ని వారం రోజుల్లో దారికి తేవాలని చూస్తే అది కాస్తా 'పిచ్చి గుర్రం' అనిపించుకుంటుంది. చేతులు మారుతుంది. మారిన ప్రతిచోటా మరికొన్ని దెబ్బలు తింటుంది.

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. పారిపోవడమే దానికి రక్షణ. కళ్ళు తలకు ఇరువైపులా ఉండడం వల్ల దాదాపు చుట్టూ ఉన్నదంతా చూస్తుంది. నుదుటికి సరిగ్గా ఎదురుగా, తోక వెనుక మాత్రం కనిపించదు. అందుకే అనుభవమున్న సయీసు భుజం వైపు నుంచి, మాట్లాడుతూ దగ్గరకు వస్తాడు.

మొదట్లో పనంతా నేల మీదే. తాడు పట్టి నడిపించడం, ఆపడం, వెనక్కి అడుగు వేయించడం. తాడు కొద్దిగా లాగాలి. గుర్రం ఒక్క అడుగు వేసిందా, ఆ క్షణంలోనే సడలించాలి. ఆ సడలింపుతోనే అది నేర్చుకుంటుంది. అడుగు వేశాక కూడా లాగుతూ ఉంటే, ఏం చేసినా బాధ తప్పదని దానికి అర్థమవుతుంది. తర్వాత జీను కింది గుడ్డ. వాసన చూడనివ్వాలి, మెడ మీద, వీపు మీద మెల్లగా రుద్దాలి. గంతులేస్తున్నప్పుడు తీసేస్తే, గంతులేస్తే గుడ్డ పోతుందని నేర్చుకుంటుంది. కుదురుగా నిలబడ్డాక తీయాలి. ఎడమవైపు నేర్పినదంతా కుడివైపు మళ్ళీ మొదటి నుంచి నేర్పాలి. విసుగు పుట్టించే పనే! పొట్ట కింది పట్టీని కూడా ఒకేసారి బిగించరాదు. కాస్త బిగించి, నాలుగడుగులు నడిపించి, మరికాస్త బిగించాలి.

వీపు ఎముకలు 5, 6 ఏళ్ళకు గానీ పూర్తిగా గట్టిపడవు. కనుక మొదటిసారి మనిషి వీపు మీద బోర్లా వాలి దిగిపోతే చాలు. స్వారీ మొదలయ్యాక కూడా రోజుకు 15, 20 నిమిషాలు మించనక్కర లేదు. ఇంకొక సంగతి. రెండున్నర నుంచి నాలుగున్నర ఏళ్ళ మధ్య గుర్రానికి పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తాయి. కళ్లెం వేయగానే తల విదిలిస్తే అది పొగరు కాకపోవచ్చు, నోటి నొప్పి కావచ్చు. పశువైద్యునికి చూపించాలి.

ముఖం మీద మాత్రం ఎన్నడూ కొట్టరాదు. జంతువులను ముఖం మీద కొట్టడాన్ని, ముఖానికి వాతలు పెట్టడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం. ముఖాన దెబ్బతిన్న గుర్రం ఆపైన నిమరడానికి చేయెత్తినా తల వెనక్కి లాక్కుంటుందని సయీసులకు తెలుసు. హజ్రత్ ఆయిషా (రజి) మాట వినని ఒంటెనెక్కి దాన్ని అటూ ఇటూ లాగుతుంటే, మృదువుగా వ్యవహరించమని ప్రవక్త (స) చెప్పిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. మాట వినని వాహనం మీదే ఆ మాట చెప్పారన్నది మనం గమనించాలి.

9వ శతాబ్దంలో, అబ్బాసీల కాలంలో అశ్వవిద్య గురించి గ్రంథం రాసిన ఇబ్న్ అఖీ హిజామ్, రౌతు ముందు జీను లేని గుర్రం మీద కూర్చోవడం నేర్వాలన్నాడు. తూకం తప్పినవాడు పగ్గాలను పట్టుకుని వేలాడతాడు. శిక్ష గుర్రం నోటికి.

మన ఇళ్ళల్లో గుర్రంతో పని పడేది ఎక్కువగా బరాత్ నాడే. బ్యాండు, జనరేటరు, టపాసులు, మీద పూలదండలు! లేత గుర్రాన్ని ఇలాంటి చోటికి తేవాలంటే నెమ్మదైన పెద్ద గుర్రం తోడుగా, దూరం నుంచి మొదలుపెట్టి కొన్ని నెలలు అలవాటు చేయాలి. అద్దెకు మాట్లాడేటప్పుడు దాని వయసెంత, ఇంతకుముందు బరాత్‌లలో నడిచిందా అని అడగండి. ఆ రాత్రి గుర్రం చెవులు వెనక్కి నొక్కుకుని, కళ్ళలో తెల్లగుడ్డు కనిపిస్తే పెళ్ళికొడుకును దించి, బ్యాండువాళ్ళను కాస్త ముందుకు నడవమనండి.