అవ్వ విశ్వాసం... మనవళ్ల ఆస్తి

కొత్త నిబంధనలో ‘అవ్వ’ అని పేరు పెట్టి చెప్పిన స్త్రీ ఒక్కరే. ఆమె లోయి. ఆమె అద్భుతాలు చేసినట్టు గాని, ఊరూరా తిరిగి ప్రసంగించినట్టు గాని ఎక్కడా రాయలేదు. చెరసాలలో మరణానికి ఎదురుచూస్తున్న అపొస్తలుడైన పౌలు, తన ఆత్మీయ కుమారుడు తిమోతికి రాసిన పత్రికలో ఆమెను ఒకే ఒక్కసారి తలుచుకున్నాడు. నీలో ఉన్న కపటం లేని విశ్వాసం ముందు మీ అవ్వలో, ఆ తర్వాత మీ అమ్మ యునీకేలో ఉన్నదేనని గుర్తుచేశాడు (2 తిమోతి 1:5). తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు. తల్లి విశ్వాసురాలైన యూదురాలు (అపొ.కా. 16:1). అయినా పసితనం నుంచే అతనికి లేఖనాలు తెలుసు (2 తిమోతి 3:15). ఆ పాఠం ఏ బడిలో మొదలైందో వేరే చెప్పాలా? లుస్త్రలో ఒక ముసలమ్మ ఒళ్లో మొదలై ఉంటుంది.

అలాంటి లోయిలు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. మా నాయనమ్మ అందులో ఒకరు. ఆమె ప్రభునందు నిద్రించి చాలా ఏళ్లయింది. మనవళ్లం, మనవరాళ్లం పదకొండు మందిమి. ఉద్యోగాల కోసం తలో ఊరూ పట్టిపోయాం. ఏ పండక్కో అందరం కలిస్తే మాత్రం మాటలు తిరిగి తిరిగి ఆమె దగ్గరికే వస్తాయి. ఆమె మాకు పొలాలు రాసివ్వలేదు, నగలు దాచిపెట్టలేదు. మరి ఏమిచ్చిందని ఇన్నేళ్లు తలుచుకుంటున్నాం?

మాది ఒంగోలు ప్రాంతం. ఆ నేల కథలు నాయనమ్మకు కంఠతా వచ్చు. 1854 జనవరి 1 తెల్లవారుజామున జూయెట్ దొర దంపతులు, జూలియా అనే తెలుగు స్త్రీ, ఇంకా కొద్దిమంది ఒంగోలులో కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి వేడుకున్నారు. ఆ ప్రార్థనకు జవాబుగా 1866లో క్లౌ దొర అక్కడికి వచ్చి స్థిరపడ్డారు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పనిలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలాది మందికి కూలి చూపించారు. కరువు తగ్గుముఖం పట్టాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. పుస్తకాల్లో ఉన్న ఈ చరిత్రను మేము నాయనమ్మ నోట విన్నాం. ఆమె తన అవ్వ నోట విన్నది. ‘కూడు పెట్టాడని కాదురా మనోళ్లు నమ్మింది, మనుషుల్లాగా పక్కన కూచోబెట్టుకున్నాడని’ అనేది. అంటరానివాళ్లని ఊరి బయట ఉంచిన రోజులవి. ఆ ఒక్క మాట వెనక ఎంత బాధ, ఎంత కృతజ్ఞత ఉన్నాయో పెద్దయ్యాక గాని మాకు అర్థం కాలేదు.

నాయనమ్మ బడికి పోలేదు. పెళ్లయ్యాక, ఇద్దరు పిల్లలు పుట్టాక, సంఘంలో రాత్రిపూట లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దింది. మొదట చదవడం నేర్చుకున్నది బైబిలునే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు మాత్రం అప్పటికే వినికిడితో వచ్చేశాయి. అన్నం వండేటప్పుడల్లా ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి పిడికెడు తీసి ఓ డబ్బాలో వేసేది. ఆదివారం ఆ బియ్యం గుడికి చేరేది. పంటలు పోయిన ఏడు మా అమ్మ, ‘ఈ ఏడు మానేద్దాం అత్తా, మనకే చాలడం లేదు’ అంది. ‘చాలని రోజున తీసిందే కానుక అమ్మాయీ, మిగిలిన రోజున తీసేది మిగులే’ అని నాయనమ్మ ఆ పూట కూడా డబ్బాలో చెయ్యి పెట్టింది. విధవరాలి రెండు కాసుల కథ మీద మేము ఆ తర్వాత ఎన్నో ప్రసంగాలు విన్నాం. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

అయితే ఆమె విశ్వాసం బియ్యం డబ్బా దగ్గరే తేలిపోలేదు. అసలు పరీక్ష ఇంట్లోనే వచ్చింది. తాతయ్య పోయాక పెదనాన్నకీ మా నాన్నకీ రెండెకరాల మెట్ట పంచారు. గట్టు మీద ఒక వేపచెట్టు ఉండేది. దాన్ని పెదనాన్న కొట్టించాడు. అది నా వైపుదని మా నాన్న, కాదని ఆయన. మాట మాట పెరిగింది. అన్నదమ్ములిద్దరికీ మాటలు పోయాయి. గుళ్లో ఒకరు ఈ వరసలో, ఒకరు ఆ వరసలో కూర్చునేవాళ్లు. పిల్లలం మేము మాత్రం రెండిళ్ల మధ్య తిరుగుతూనే ఉన్నాం. ఎందుకంటే ఈ ఇంట్లో గోంగూర పచ్చడి నూరితే ఆ ఇంటికి, ఆ ఇంట్లో చేపల పులుసు పెడితే ఈ ఇంటికి గిన్నె మోసే పని నాయనమ్మ మాకే అప్పగించేది.

ఆ నెల మొదటి ఆదివారం ప్రభు భోజన సంస్కారం జరుగుతోంది. రొట్టె పళ్లెం నాయనమ్మ దగ్గరికి వచ్చింది. ఆమె తీసుకోలేదు, పక్కవాళ్లకు అందించింది. రెండో నెలా అంతే. మూడో నెలా అంతే. సంఘమంతా గుసగుసలాడింది. పాస్టరుగారు ఇంటికి వచ్చి, ‘ఏంటమ్మగారూ, మీ మీద ఎవరూ ఏ మాటా అనలేదే’ అని అడిగారు. ‘నా కడుపున పుట్టిన ఇద్దరూ మాట్లాడుకోని రోజున నేను ఏ మొహంతో ఆ బల్ల దగ్గరికి రానయ్యగారూ?’ అంది. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి, ముందు సహోదరునితో సమాధానపడమన్న ప్రభువు మాట (మత్తయి 5:23, 24) పాస్టరుగారికి తెలియనిది కాదు. కాని కొడుకుల తప్పుకు తల్లి తనను తాను బల్లకు దూరం చేసుకోవడం ఆయన ఎక్కడా చూడలేదు. సంఘమంటే ఎంతో ప్రాణమైన ఆమెకు అది ఎంత కష్టమైన ఉపవాసమో!

ఆమె ఇద్దరిలో ఎవరినీ పిలిచి తిట్టలేదు. తీర్పు చెప్పలేదు. ‘నువ్వు పెద్దోడివి, తగ్గు’ అని ఒకరితో, ‘నువ్వు చిన్నోడివి, ఓర్చుకో’ అని ఇంకొకరితో అనలేదు. నాలుగో నెలలో, శనివారం రాత్రి పొద్దుపోయాక, పెదనాన్న మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ‘ఒరేయ్ తమ్ముడూ, అమ్మ రేపైనా రొట్టె తీసుకోవాలి గదరా’ అన్నాడు. అంతే. మా నాన్న లేచి మంచం వాల్చాడు. ఆ చెట్టు ఎవరి వైపుదో ఆ రాత్రి గాని, ఆ తర్వాత గాని ఎవరూ కొలవలేదు. మర్నాడు నాయనమ్మ రొట్టె అందుకుంటుంటే ఆమె చెయ్యి వణికింది. మా కళ్లలో నీళ్లు తిరిగాయి.

అవ్వలందరూ ఇలాగే ఉంటారని బైబిలు కూడా చెప్పదు. రాజ్యం కోసం సొంత మనవళ్లనే చంపించిన అతల్యా కథ అందులోనే ఉంది (2 రాజులు 11:1). భర్తనూ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకుని, నన్ను ‘మారా’ అనండి అని ఏడ్చిన నయోమి కథా అందులోనే ఉంది. నయోమి ఒళ్లోకి చివరికి రూతు కన్న బిడ్డ చేరాడు. రక్తసంబంధం లేకపోయినా ఆమె వాణ్ణి కౌగిట పెట్టుకుని పెంచింది (రూతు 4:16). ఆ బిడ్డ ఓబేదు. ఓబేదు మనవడు దావీదు. ఒక ముసలమ్మ ఒడి ఏ రాజును పెంచుతోందో ఎవరికి తెలుసు!

చివరి మూడేళ్లు నాయనమ్మ తుంటి విరిగి మంచాన పడింది. చాలా ఇళ్లలో అలాంటప్పుడు తల్లికి వంతులు వేస్తారు. మూడు నెలలు పెద్దోడి దగ్గర, మూడు నెలలు చిన్నోడి దగ్గర అని మూటాముల్లెతో సహా ఇల్లు మారుస్తారు. మా ఇంట్లోనూ వంతులు వేసుకున్నారు. కాని తిరిగింది ఆమె మంచం కాదు. కోడళ్లు, కొడుకులు, సెలవులకు వచ్చిన మనవళ్లు ఆమె మంచం దగ్గరికి వంతులవారీగా వెళ్లారు. ఒంటికి నీళ్లు పోసేవాళ్లు ఒకరు, గంజి తాగించేవాళ్లు ఒకరు, రాత్రి కీర్తన చదివేవాళ్లు ఒకరు. ఆఖరి రోజుల్లో మా పేర్లు మరిచిపోయింది. ‘నువ్వు ఎవరి బిడ్డవమ్మా?’ అని మమ్మల్నే అడిగేది. ఇరవై మూడో కీర్తన మొదలుపెడితే మాత్రం మాకంటే ముందు తనే పూర్తి చేసేది.

మనవళ్లు ముందు సొంత ఇంటివారి పట్ల భక్తి చూపడం నేర్చుకోవాలని, పెద్దల రుణం తీర్చుకోవాలని పౌలు తిమోతికి రాశాడు (1 తిమోతి 5:4). లోయి మనవడికి ఆ మాట రాయడంలో ఎంత ఔచిత్యం ఉందో చూడండి. మన పార్లమెంటు 2007లో చేసిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కూడా యుక్తవయసు వచ్చిన మనవళ్లను, మనవరాళ్లను బాధ్యుల లెక్కలో చేర్చింది. చట్టం డబ్బు ఇప్పించగలదు. పక్కన కూర్చుని ఆ కథ మరోసారి చెప్పమని అడిగించలేదు. అది ప్రేమ చేయాల్సిన పని.

ఇంట్లో నాయనమ్మో, అమ్మమ్మో ఉన్నవాళ్లు ఈ ఆదివారం ఆరాధన ముగిశాక ఆమె పక్కన ఒక గంట కూర్చోండి. ఆమె ఏ గుళ్లో బాప్తిస్మం పొందిందో, ఏ కష్టంలో ఏ వాక్యం పట్టుకుని నిలబడిందో అడగండి. పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి. అన్నదమ్ముల మధ్య మాటలు లేని ఇల్లు ఉంటే, ఆ తల్లి రొట్టె ముందు ఎలా కూర్చుంటుందో ఒక్కసారి ఆలోచించండి. పొలాలను గట్లు వేసి పంచుకోవచ్చు. అవ్వ విశ్వాసాన్ని పంచుకోవడానికి గట్లు అక్కర్లేదు. ఎందరు తీసుకున్నా అది తరగదు, తీసుకునేవాళ్లు లేకపోతేనే ఆగిపోతుంది.