అరుగు మీది మనిషి వయసెంత?

కావేరిపాక్కం బస్సు స్టాపులోనో, కాట్పాడి స్టేషన్ బయటో, గుడియాత్తంలో మూసిన అంగడి అరుగు మీదో రాత్రిళ్లు పడుకునేవాళ్లను చూస్తూనే ఉంటాం. "యాభై ఏళ్లే గదా, పని చేసుకోరాదా" అనేస్తాం. అక్కడే పొరపాటు. అమెరికాలోని ఓక్లండ్‌లో ఇల్లు లేని 350 మందిని పరీక్షిస్తే, యాభై దాటినవారిలోనే డెబ్భై ఏళ్లవారి ఇబ్బందులు కనిపించాయి. తూలి పడటం, మతిమరుపు, స్నానానికీ సాయం కావలసి రావడం అలాంటివి.

కనుక ఏళ్లు కాదు, సత్తువ చూడాలి. 2001లో లిండా ఫ్రీడ్ అనే వైద్యురాలి బృందం అయిదు గుర్తులు చెప్పింది: కారణం లేకుండా బరువు తగ్గడం, పిడికిలి పట్టు సడలడం, అలసట, నడక మందగించడం, కదలిక తగ్గడం. మూడున్నా దుర్బలుడనే లెక్క. అయితే అరుగు మీద ఈ లెక్క అంత సులువు కాదు. బరువు తగ్గింది పస్తుల వల్లనా, క్షయ వల్లనా? కదలనిది ఓపిక లేకనా, మూట ఎవరైనా ఎత్తుకుపోతారనా? పక్కన కూర్చుని పలకరిస్తే గాని తెలియదు. ఒక టీ ఇప్పించండి, గ్లాసు పట్టే తీరే సగం చెబుతుంది. చేయి ఊనకుండా లేస్తాడా? ఈమధ్య పడ్డాడా? దొడ్డికి ఒంటరిగా పోగలడా? నేల మీంచి లేవలేనివాడికి ఆశ్రయంలో చాప వేస్తే చాలదు, మంచం కావాలి.

అరవై దాటినవారికి 14567 ఫోన్ సాయం ఉంది. యాభై అయిదేళ్లవాడికి ఆ లెక్క అందదు. అందుకే సర్కారు ఆస్పత్రిలో చేర్చేటప్పుడు వయసొక్కటే చెప్పి ఊరుకోకండి, మీరు చూసిందంతా చెప్పి రాయించండి.